మూడో పాట బాకీ

పెట్టెలు పనస చెక్కతో తనే కోయించాడు త్రిమూర్తులు.
ఆంప్లిఫయరుని అమలాపురం నుంచి
బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు,
పక్కసీటు ఆవిడ "ఎన్నో నెల బాబూ" అందట.
పదకొండేళ్లుగా మా ముందుగదిలో
ఆ గోడకి అవి, ఈ గోడకి మేం.
డోలు మోగితే గ్లాసుల అలమర వణికేది,
పాలగిన్నె మీద మీగడ కదిలేది.

ఆ రాత్రి గదిలో ఒకటే ఉక్క.
"బయట పెడదామే, ఆకాశమంత హాలు!"
అంటూ లుంగీ ఎగ్గట్టాడు.
వైరు చాల్లేదు.
ఇస్త్రీపెట్టె వైరు కోసి, మోటారు షెడ్డు వైరుకి ముడేసి
కిటికీ ఊచల్లోంచి లాగి
దింపు కాయల రాశి దాటించి
ఏటిగట్టు పక్కన మెరక మీద
ధాన్యం బస్తాలెక్కించాం రెండు పెట్టెల్నీ.

సన్నాయి క్యాసెట్టు.
ఏ ఊరి పెళ్లిలోనో ఎవరో పట్టింది.
వాయించినాయన పేరు అట్టతో సహా చెదలు తినేసింది.

మీట నొక్కాడు.
సన్నాయి వచ్చింది. డోలు రాలేదు.
వచ్చింది గానీ అది డోలు కాదు,
ఎండు డొక్క మీద పుల్లతో కొట్టినట్టు
టక్కు టక్కుమని ఏదో.

త్రిమూర్తులు మొహం చూడాలి.
పెట్టెల్ని డొక్కల గుట్టకి ఆనించాడు,
మళ్లీ గట్టు వాలుకి ఆనించాడు,
బోర్లా పడుకుని నేలకి చెవి పెట్టాడు.
"గోడల్లేవే! దేనికి తగిలి వెనక్కొస్తుంది?
శబ్దానిక్కూడా ఇల్లుండాలే, పిచ్చిదానా."

నేను డోలు సంగతి మర్చిపోయి చాలాసేపయింది.
గదిలో ఆ సన్నాయి
ఎప్పుడూ నా మీదికే వచ్చేది,
వాల్యూం తగ్గించవయ్యా అని అరిచేదాన్ని.
ఇక్కడ నన్ను దాటి పోతోంది.
ఏదో పని మీద, చీకటి పడిపోతోందన్న తొందరలో
మట్టల మీంచి, గట్టు మీంచి,
దూరాన గ్యాసు మంట ఎర్రబరిచిన మబ్బుల కిందుగా
వైనతేయ మీదికి.
పిలవబుద్ధి కాలేదు.

రెండో పాట. దోమలు.
మూడో పాట మధ్యలో, స్వరం పైకెక్కి
ఇంకా దిగని చోట
కట్టు తెంచుకున్న దూడ
వైరుకి కాలు తగిలించింది.

ఎంత చీకటి! కప్పలు కూడా కాసేపు ఆగాయి.
ఊడిన ముడి వెతికే ఓపిక లేదతనికి.
"మంచు పడుతోంది, స్పీకరు కాగితం నానిపోద్ది"
అని పెట్టెలు మోసుకుంటూ లోపలికి,
మాట్లాడకుండా మజ్జిగన్నం తిన్నాడు.

పొద్దున్నే రేవులో
లంక నుంచి పొట్లకాయలు దింపుతున్న ఏసుపాదం
తూకం రాయి చేతిలో పట్టుకుని అడిగాడు:
"రాత్రి పాటలు మీ వోపునించేనాండీ?"
తిడతాడనుకుని తల వంచాను.
"డోలండీ... నీళ్ల మీద నడిచొచ్చినట్టొచ్చిందండి.
సన్నాయి మాకు అంతగా అందలేదు గానండి,
డోలు మటుకు పడవ చెక్కలో మోగిందండి, ఆయ్.
చెయ్యి ఆనించి కూర్చున్నాను.
మూడోది సగంలో ఆపేశారేంటండీ?
మళ్లీ మొదలెడతారేమోనని
తెల్లారుజాము దాకా అక్కడే కునుకు తీశాను."

తూకానికి పైన ఇంకో పొట్లకాయ వేశాడు.
నేను డబ్బులివ్వబోతే
"మిగతా సగం ఎయ్యండి చాలు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి త్రిమూర్తులు
నేల మీద విప్పిన స్క్రూల మధ్య
తప్పు ఎక్కడుందో వెతుకుతున్నాడు.
"డోలు దొరికింది" అన్నాను.
తలెత్తలేదు. "ఎక్కడ, కండెన్సరులోనా?"

చెప్తాను, చెప్పకేం.
ముందు ఆ స్క్రూలన్నీ బిగించనీ.
ఈ సాయంత్రం పెట్టెల మొహం
అటు తిప్పి పెట్టాలి, అంతే.
దూడని ఇప్పుడే కట్టేసి వచ్చాను,
రెండు ముళ్లేసి.